చిన్న యూనిట్ అంటే పెద్ద రిస్కా? ఖర్కాయి అవతలి అప్పుల మీద ఒక వాదన

చిన్న పరిశ్రమల రుణాల మీద ప్రశ్న వస్తే మనలో చాలామందిమి రాసే మొదటి వాక్యం ఒకటే: "చిన్న సంస్థలకు రిస్క్ ఎక్కువ, అందుకే బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి." చివరి వాక్యం కూడా ఒకటే: "కాబట్టి ఎంఎస్ఎంఈ రుణాల మీద రిస్క్ వెయిట్ తగ్గించాలి." మధ్యలో ఒకటి రెండు కమిటీల పేర్లు, ఒక ఫ్లోచార్టు. అయిపోయింది, పది మార్కుల జవాబు.

నా వాదన సూటిగా చెప్తాను. ఆ మొదటి వాక్యం సగం నిజం. ఆ చివరి వాక్యం పావు పరిష్కారం. ఈ రెండింటి మధ్య అసలు దోషి తప్పించుకుపోతున్నాడు.

నేను చదువుకునేది కద్మాలో. ఇక్కడి నుంచి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. ఫోర్జింగ్, కాస్టింగ్, ప్రెస్ షాపులు, లేత్ మిషన్ల మీద జాబ్ వర్క్ చేసే షెడ్లు వందల సంఖ్యలో ఉన్న పారిశ్రామిక వాడ. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలు కూడా ఆ షెడ్లలో పనిచేస్తున్నారు. బాసెల్ నిబంధనలను పుస్తకంలో చదివేటప్పుడు ఆ షెడ్లను మనసులో పెట్టుకుని చదవండి. సిలబస్‌లోని ఈ ముక్క అప్పుడు వేరేగా కనిపిస్తుంది.

ముందు పునాది: మూలధనం దేనికి?

బ్యాంకు అప్పిచ్చేది ప్రధానంగా డిపాజిటర్ల డబ్బు. అప్పు మునిగితే ముందు దెబ్బ వాటాదారుల డబ్బుకు తగలాలి, డిపాజిటరుకు కాదు. అలా దెబ్బ కాచుకోవడానికి పెట్టుకునేదే మూలధనం. 1988 నాటి బాసెల్-1 దీనికి ఒక మోటు లెక్క ఇచ్చింది: కంపెనీ ఏదైనా రిస్క్ వెయిట్ 100%, దాని మీద 8% మూలధనం. టాటాలకిచ్చినా, సందు చివరి వర్క్‌షాపుకిచ్చినా ఒకటే. 2004 నాటి బాసెల్-2 "అప్పు తీసుకున్నవాడు ఎవరో చూడండి" అంది. 2010 తర్వాతి బాసెల్-3 మూలధనం నాణ్యతను, పరిమాణాన్ని పెంచింది.

మన దేశంలో రిజర్వ్ బ్యాంకు కనీసం 9% అడుగుతుంది. దానిమీద 2.5% క్యాపిటల్ కన్జర్వేషన్ బఫర్. మొత్తం 11.5%. మన బ్యాంకులు స్టాండర్డైజ్డ్ పద్ధతిలో లెక్క కడతాయి. అంటే బ్యాంకు సొంత మోడల్ కాదు, రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన పట్టిక. కంపెనీకి దీర్ఘకాలిక రేటింగ్ ట్రిపుల్ ఏ అయితే 20%, డబుల్ ఏ అయితే 30%, ఏ అయితే 50%, ట్రిపుల్ బీ అయితే 100%, డబుల్ బీ, అంతకన్నా కింద అయితే 150%. రేటింగ్ లేకపోతే మామూలుగా 100%. టర్నోవర్ 50 కోట్ల లోపు ఉండి, బ్యాంకు ఇచ్చిన మొత్తం 7.5 కోట్లు దాటని చిన్న సంస్థలైతే "రెగ్యులేటరీ రిటైల్" కింద 75%. ఈ పరిమితి 2020 అక్టోబర్ దాకా 5 కోట్లు ఉండేది.

ఒక్కసారి లెక్క వేయండి. 5 కోట్ల అప్పు ట్రిపుల్ ఏ కంపెనీకి ఇస్తే బ్యాంకు పక్కన పెట్టాల్సింది 11.5 లక్షలు. అదే 5 కోట్లు ఆదిత్యపూర్ యూనిట్‌కు రిటైల్ కింద ఇస్తే సుమారు 43 లక్షలు. దాదాపు నాలుగు రెట్లు. ఈ తేడా న్యాయమా? అసలు ప్రశ్న ఇది.

"చిన్నదానికి రిస్క్ ఎక్కువ": ఏ రిస్క్?

ఇక్కడే మనం కోచింగ్ నోట్సును గుడ్డిగా దించేస్తాం. రిస్క్ ఒకటి కాదు, రెండు. సగటున ఏటా పోతుందని ముందే తెలిసిన నష్టం ఒకటి. ఎప్పుడో ఒక చెడ్డ ఏడాదిలో ఊహించనంతగా వచ్చిపడే నష్టం ఇంకొకటి. మొదటిదాన్ని వడ్డీలోనూ ప్రొవిజనింగ్‌లోనూ రాబట్టుకోవాలి. మూలధనం ఉన్నది రెండోదాని కోసం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. నూరు యూనిట్లకు తలా కోటి ఇచ్చారు. ఏటా నాలుగు మునుగుతాయి, మునిగినచోట సగం తిరిగొస్తుంది. సగటు నష్టం 2 కోట్లు. ఒకరితో ఒకరికి సంబంధం లేని యూనిట్లయితే బాగా చెడ్డ ఏడాదిలో నాలుగుకు బదులు ఎనిమిది మునుగుతాయి, నష్టం 4 కోట్లు. ఇప్పుడు అదే 100 కోట్లు ఒకే పెద్ద కంపెనీకి ఇచ్చారు. అది మునిగే అవకాశం 1% మాత్రమే. సగటు నష్టం 50 లక్షలే. కానీ అది మునిగిన ఏడాది పోయేది 50 కోట్లు.

సగటున చూస్తే చిన్నవాళ్లే ప్రమాదం. బ్యాంకును కూల్చే శక్తి చూస్తే పెద్దవాడే ప్రమాదం. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, బాసెల్ సూత్రంలోనే ఉంది. బ్యాంకులు సొంత అంచనాలు వాడే ఐఆర్‌బీ పద్ధతిలో, కంపెనీలు ఒకదానితో ఒకటి కలిసి మునిగే గుణాన్ని కోరిలేషన్ అంటారు. కంపెనీలకు అది 0.12 నుంచి 0.24 మధ్య ఉంటుంది. అమ్మకాలు 5 కోట్ల యూరోల లోపు ఉన్న సంస్థలకు పరిమాణాన్ని బట్టి ఇందులోంచి 0.04 దాకా తగ్గింపు ఇచ్చారు. ఎగవేత అవకాశం ఒకేలా ఉన్న రెండు సంస్థల్లో చిన్నదానికి తక్కువ మూలధనం చాలని దాని అర్థం. చిన్న సంస్థ మునిగేది ఎక్కువగా తన సొంత కారణాలతో, పెద్ద సంస్థ మునిగేది దేశ ఆర్థిక వ్యవస్థతో పాటు అన్నది దాని వెనక ఉన్న తర్కం.

మన దేశ చరిత్ర ఏం చెప్తోంది? 2015లో రిజర్వ్ బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష మొదలుపెట్టాక మొండి బకాయిలు బయటపడ్డాయి. 2018 మార్చి నాటికి స్థూల ఎన్‌పీఏలు 11% దాటాయి. 2017 జూన్‌లో దివాలా కోర్టుకు పంపాలని రిజర్వ్ బ్యాంకు చెప్పిన మొదటి జాబితాలో ఖాతాలు ఎన్ని? పన్నెండు. మొత్తం స్థూల ఎన్‌పీఏల్లో ఆ పన్నెండింటి వాటా సుమారు 25%. అందులో ఒకటి భూషణ్ స్టీల్. సుమారు 56,000 కోట్ల బాకీకి ఆర్థిక రుణదాతలకు దక్కింది 35,200 కోట్లు. 2018 మేలో దాన్ని కొన్నది టాటా స్టీల్. ఆ ఒక్క ఖాతాలో పోయిన 20,000 కోట్ల పైచిలుకు మొత్తాన్ని ఎన్ని వేల చిన్న షెడ్ల మధ్య పంచవచ్చో లెక్కవేసి, ఆ తర్వాత "చిన్నదానికి రిస్క్ ఎక్కువ" అన్న వాక్యం మళ్లీ రాయండి చూద్దాం.

పట్టికలో ఉన్న వింతలు

సంస్థ లక్షణాలను కొలుస్తున్నామని చెప్పే పట్టిక నిజంగా ఏం కొలుస్తోంది?

మొదటి వింత. రేటింగ్ లేని కంపెనీకి 100%, రేటింగ్ తీసుకుని డబుల్ బీ వచ్చిన కంపెనీకి 150%. అంటే ఖాతాలు తెరిచి చూపించినవాడికి శిక్ష, మూసిపెట్టుకున్నవాడికి రాయితీ. తన పరిస్థితి బాగాలేదని తెలిసిన యజమాని రేటింగ్ ఏజెన్సీ గడప ఎందుకు తొక్కుతాడు? పెద్ద మొత్తాల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఈ కన్నం కొంత పూడ్చింది: బ్యాంకింగ్ వ్యవస్థ మొత్తం నుంచి 200 కోట్లకు మించి తీసుకున్న రేటింగ్ లేని సంస్థలకు 150%. ఆ కిందివాళ్లకు మాత్రం మౌనమే లాభం.

రెండో వింత. రేటింగ్ మీద మనకున్న భక్తి. 2018 సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చేతులెత్తేయడానికి కొద్ది వారాల ముందు వరకు దానికి ట్రిపుల్ ఏ ఉంది. అది హోల్డింగ్ సంస్థ కాబట్టి 20% పట్టిక దానికి నేరుగా వర్తించకపోవచ్చు. కానీ ఆ పట్టిక మొత్తం నిలబడింది అదే తరహా అక్షరాల మీద కదా?

మూడో వింత. గీత. 7.5 కోట్ల అప్పున్న యూనిట్ మీద బ్యాంకు పెట్టే మూలధనం సుమారు 64.7 లక్షలు. ఆ యూనిట్ కొత్త ప్రెస్ కొని అప్పు 7.6 కోట్లకు చేరితే వెయిట్ 75% నుంచి 100%కి ఎగురుతుంది. మూలధనం 87.4 లక్షలు. పది లక్షల అదనపు అప్పుకు 22 లక్షలకు పైగా అదనపు మూలధనం. యజమాని మారలేదు, మిషన్లు మారలేదు, ఆర్డర్లు మారలేదు. మారింది గీతకు అటా ఇటా అన్నదే.

అయితే వెయిట్ తగ్గిస్తే సరిపోతుందా? 2019ని అడగండి

ఇంతవరకు చదివి, "చూశారా, చిన్నవాళ్లకు అన్యాయం జరుగుతోంది, వెయిట్ తగ్గించాలి" అని మీరు నిర్ణయానికి వచ్చేసి ఉంటే ఒక్క నిమిషం ఆగండి. ఆ నిర్ణయమూ నాకు ఒప్పుదల కాదు.

నూరు యూనిట్ల ఉదాహరణలో ఒక మాట జారవిడిచాను, గమనించారా? "ఒకరితో ఒకరికి సంబంధం లేని యూనిట్లయితే." ఆదిత్యపూర్‌లో ఆ షరతు నిలబడదు. అక్కడి యూనిట్లలో పెద్ద భాగం ప్రత్యక్షంగానో పరోక్షంగానో బతికేది ఈ ఊరి వాహన, ఉక్కు పరిశ్రమల ఆర్డర్ల మీద. 2019లో వాహనాల అమ్మకాలు పడిపోయినప్పుడు టాటా మోటార్స్ జంషెడ్‌పూర్ ప్లాంటులో బ్లాక్ క్లోజర్లు వచ్చాయి. డిమాండు లేనప్పుడు కొన్ని రోజులు ఉత్పత్తి ఆపేస్తారు, అదీ సంగతి. నది అవతల దాని అర్థం వేరు. షిఫ్టులు తగ్గాయి, కాంట్రాక్టు కార్మికులు ఇళ్లకు వెళ్లారు, ఎన్నో షెడ్లలో మిషన్లు ఆగాయి. ఒక యూనిట్ బాగా నడిపి, ఇంకొకటి చెడగొట్టి కాదు. అందరికీ ఒకే రోజు ఒకే కారణం.

అంటే ఖాతా పుస్తకంలో నూరు మంది రుణగ్రహీతలు. వాస్తవంలో నూరు పేర్లతో ఉన్న ఒకే రుణగ్రహీత. 75% వెయిట్ ఇవ్వడానికి నిబంధన అడిగే "విస్తృతి" షరతు ఏమిటంటే ఏ ఒక్క రుణగ్రహీత వాటా పోర్ట్‌ఫోలియోలో 0.2% దాటకూడదు. అది పేర్లను లెక్కపెడుతుంది, కొనుగోలుదారును కాదు.

ఈ విషయం నిబంధనలు రాసేవాళ్లకు తెలియదా? తెలుసు. భారీ రుణాల నియమావళిలో "ఆర్థిక పరస్పర ఆధారం" అనే పరీక్ష ఉంది. ఒక సంస్థ రాబడిలోనో ఖర్చులోనో 50%, అంతకు మించి మరో సంస్థతోనే ముడిపడి ఉంటే ఆ రెండింటినీ ఒకే గుంపుగా చూడాలా అని బ్యాంకు ఆలోచించాలి. ఎంత మంచి ఆలోచన! కానీ ఆ పరీక్ష తప్పనిసరి అయ్యేది బ్యాంకు టైర్-1 మూలధనంలో 5% దాటిన అప్పులకే. కోటి రూపాయల సీసీ లిమిట్ ఉన్న బోల్టుల యూనిట్ ఆ గడప దాకా జన్మలో రాదు. కాబట్టి ఆదిత్యపూర్ యూనిట్ అసలు లక్షణం, అంటే "దాని సరుకు ఎవరు కొంటున్నారు" అన్నది, ఎక్కడా లెక్కలోకి రాదు.

ఇది ఒక్క జంషెడ్‌పూర్ గోడు కాదు. విశాఖ ఉక్కు మీద ఆధారపడ్డ గాజువాక, ఆటోనగర్ యూనిట్లను చూడండి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది ఉక్కు కర్మాగారానికే అయినా, ఊపిరి పీల్చుకున్నవాళ్లలో ఆ చుట్టుపక్కల షెడ్ల యజమానులూ ఉంటారు. తల్లి కంపెనీకి జలుబు చేస్తే పిల్ల యూనిట్‌కు జ్వరం.

భూమి చెప్పే అబద్ధం

ఇంకో లక్షణం తాకట్టు. అప్పు మునిగితే ఎంత తిరిగొస్తుంది అన్నది దాని మీదే ఉంటుంది. ఇక్కడ జంషెడ్‌పూర్ ఒక పాఠ్యపుస్తకం.

కద్మాతో సహా ఈ ఊరిలో పెద్ద భాగం టాటా లీజు భూమి. ఇల్లు మీదే అనిపిస్తుంది, పట్టా చూపించమంటే కష్టం. ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో ప్లాట్లు కూడా ప్రభుత్వ సంస్థ ఇచ్చిన లీజులే. తనఖా పెట్టాలంటే అనుమతి, బదిలీకి అనుమతి. పోతే ఆదివాసీ కుటుంబానికి సొంత భూమే ఉన్నా 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం దాన్ని ఆదివాసీయేతరులకు బదిలీ చేయనివ్వదు. ఆ రక్షణ అవసరం, దాన్ని తీసేయమని నేను అనను. కానీ వేలం వేయలేని భూమిని బ్యాంకు తాకట్టుగా చూడదు. ఫలితం? ఒకే మిషన్, ఒకే నైపుణ్యం, ఒకే ఆర్డరు ఉన్న ఇద్దరిలో ఒకడు "రిస్క్ ఎక్కువ" అవుతాడు. అతని వ్యాపారం బలహీనమైనందుకు కాదు, అతని భూమికి చట్టం వేరైనందుకు.

తాకట్టు ఉన్నా గ్యారంటీ లేదు. గోల్మురీలోని కేబుల్ కంపెనీ, అదే ఇన్‌క్యాబ్ ఇండస్ట్రీస్, రెండు దశాబ్దాలకు పైగా కోర్టుల్లోనే నానింది. గోడలు, గేటు, స్థలం అన్నీ ఉన్నాయి. డబ్బు మాత్రం లేదు. తాకట్టును ఆస్తి విలువతో కాదు, ఆస్తి చేతికొచ్చే కాలంతో కొలవాలి.

29 రెట్లు

ఇప్పుడు నా వాదనకు గుండెకాయ లాంటి లెక్క. కాగితం పెన్ను తీసుకోండి.

ఏడాదికి 12 కోట్ల టర్నోవర్ ఉన్న యూనిట్ అనుకుందాం. నాయక్ కమిటీ నియమం ప్రకారం అంచనా టర్నోవర్‌లో 20%, అంటే 2.4 కోట్లు, వర్కింగ్ క్యాపిటల్ లిమిట్. రిస్క్ వెయిట్‌ను 25 శాతం పాయింట్లు తగ్గించారనుకోండి. బ్యాంకుకు ఆదా అయ్యే మూలధనం అప్పులో 2.875%. వాటాదారులు 14% రాబడి ఆశిస్తారని, డిపాజిట్‌కు 6% ఖర్చని అనుకుందాం. తేడా 8%. అంటే అప్పు ఖర్చులో ఆదా సుమారు 0.23%. బ్యాంకు దాన్ని పైసా మిగుల్చుకోకుండా యూనిట్‌కు ఇచ్చేసినా ఏడాదికి దాదాపు 55,000 రూపాయలు.

అదే యూనిట్‌కు కొనుగోలుదారు గడువుకన్నా 45 రోజులు ఆలస్యంగా డబ్బిస్తున్నాడనుకోండి. 12 కోట్ల అమ్మకాల్లో 45 రోజుల సొమ్ము 1.48 కోట్లు ఎప్పుడూ ఇరుక్కుని ఉంటుంది. దానిమీద 11% వడ్డీ ఏడాదికి సుమారు 16.27 లక్షలు.

55 వేలు ఒకవైపు, 16 లక్షలు ఇంకోవైపు. దాదాపు 29 రెట్లు. మనం వ్యాసాల్లో దేనికోసం కొట్లాడుతున్నాం, దేన్ని వదిలేస్తున్నాం?

అన్యాయం అక్కడితో ఆగదు. ఆ ఇరుక్కున్న డబ్బు వల్ల యూనిట్ వాయిదా కట్టలేకపోతే మొదటి రోజు నుంచే ఎస్ఎంఏ ముద్ర, 90 రోజులు దాటితే ఎన్‌పీఏ ముద్ర. క్రెడిట్ బ్యూరోలో మచ్చ. బిల్లు ఆపిన కొనుగోలుదారుకు ఏ ముద్రా లేదు. అతని రేటింగ్ అలాగే ఉంటుంది, అతని అప్పుకు 20% వెయిట్ అలాగే ఉంటుంది. సరఫరాదారుకు ఆలస్యంగా ఇవ్వడం వల్ల అతని చేతిలో నగదు ఇంకా మెరుగ్గా కనిపిస్తుంది! పెద్దవాడి మంచి లక్షణంలో కొంత భాగం చిన్నవాడి చెడ్డ లక్షణం నుంచి తీసుకున్న అప్పు. క్రెడిట్ రిస్క్ మాయమవలేదు, కింది మెట్టు మీదకు జారింది.

ఎదురు వాదనలు

"చిన్న సంస్థల లెక్కలు నమ్మలేం" అంటారు. నిజమే, ఇంటి ఖర్చూ షెడ్డు ఖర్చూ ఒకే జేబులోంచి పోయే చోట బ్యాలెన్స్ షీటుకు అంత విలువ ఉండదు. కానీ 2017 జూలై నుంచి జీఎస్‌టీ ఉంది. ఎవరికి ఎంత అమ్మారో బిల్లు బిల్లుకూ నమోదవుతోంది. 2024 జూలై బడ్జెట్‌లో ప్రభుత్వ రంగ బ్యాంకులు డిజిటల్ జాడల ఆధారంగా సొంత అంచనా పద్ధతి తయారుచేసుకోవాలని చెప్పారు. సమాచారం లేదన్న సాకు పాతబడింది.

"ఐరోపాలో వెయిట్ తగ్గించారు కదా" అంటారు. తగ్గించారు. 2014 నుంచి చిన్న సంస్థల అప్పుల మూలధనాన్ని 0.7619తో గుణించే రాయితీ ఇచ్చారు. 2016లో యూరోపియన్ బ్యాంకింగ్ అథారిటీ దాన్ని సమీక్షించి, దానివల్ల పెద్ద సంస్థలతో పోలిస్తే చిన్న సంస్థలకు అదనంగా అప్పులు పెరిగాయనడానికి ఆధారం దొరకలేదంది. మన 29 రెట్ల లెక్క చూశాక ఇందులో ఆశ్చర్యం ఏముంది?

"రిజర్వ్ బ్యాంకు కూడా అదే దారిలో ఉంది" అంటారు. అవును. 2027 ఏప్రిల్ 1 నుంచి సవరించిన బాసెల్ నిబంధనలు వస్తాయని, ఎంఎస్ఎంఈల మీద మూలధన భారం తగ్గుతుందని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. నేను దాన్ని వ్యతిరేకించడం లేదు. దాన్నే విజయంగా చెప్పుకుని కూర్చోవడాన్ని వ్యతిరేకిస్తున్నాను.

"చట్టం ఉంది కదా" అంటారు. ఉంది. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. దాని తీర్పు మీద కోర్టుకెళ్లాలంటే కొనుగోలుదారు 75% ముందే కట్టాలి. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) చేర్చి, గడువులోగా కట్టకపోతే ఆ ఏడాది ఖర్చుగా చూపుకోనివ్వమన్నారు. కాగితం మీద ఇంతకన్నా గట్టి చట్టం ఎక్కడుంది? కానీ ఉన్న ఒక్కగానొక్క కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికి? రేపు ఆర్డరు ఎవరిస్తారు? ఫిర్యాదు చేస్తేనే కదిలే చట్టం, ఫిర్యాదు చేయలేనివాడికి అక్కరకు రాదు.

మరి చేయాల్సిందేమిటి?

ఒకటి. బిల్లు మీద అప్పు. ట్రెడ్స్ వేదికల మీద కొనుగోలుదారు బిల్లును ఆమోదిస్తే బ్యాంకు వెంటనే డబ్బిస్తుంది. గడువుకు కట్టకపోతే అడగాల్సింది కొనుగోలుదారునే, యూనిట్‌ను కాదు. అప్పుడు రిస్క్ వెయిట్ కూడా కొనుగోలుదారు రేటింగ్‌దే. అదే బోల్టు, అదే షెడ్డు. కానీ 75 లేదా 100% బదులు 20% కావచ్చు. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు చేరాలని 2024 నవంబర్‌లో ఆదేశించారు. చేరడం వేరు, బిల్లు ఆమోదించడం వేరు. సరుకు దిగిన ఇన్ని రోజుల్లో ఆమోదించాలి లేదా లోపం చెప్పాలి, లేకపోతే ఆమోదించినట్టే అన్న నియమం కావాలి. ఆదిత్యపూర్‌లో చాలా యూనిట్లు నేరుగా పెద్ద కంపెనీకి కాక మధ్యలోని వెండర్‌కు సరఫరా చేస్తాయి. ఆ రెండో అంచె దాకా ఇది దిగాలి.

రెండు. చెల్లింపు ఆలస్యం కొనుగోలుదారు లక్షణంగా నమోదు కావాలి. చిన్నవాడి 90 రోజులు రికార్డయినట్టే పెద్దవాడి 45 రోజులూ రికార్డవ్వాలి, రేటింగ్‌లో కనిపించాలి.

మూడు. "ఆర్థిక పరస్పర ఆధారం" పరీక్షను క్లస్టర్ స్థాయిలో పెట్టాలి. ఒక్కో అప్పుకు కాదు, ఒక బ్యాంకు ఒక పారిశ్రామిక వాడలో ఇచ్చిన మొత్తానికి. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడ్డ వాటా ఎంతో తెలిస్తే అదనపు మూలధనం అవసరమైతే పిల్లర్-2 కింద బ్యాంకు మీద పడుతుంది, ఒక్కో యూనిట్ వడ్డీ మీద కాదు.

నాలుగు. తాకట్టు పెట్టలేనివాళ్లకు సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ. గ్యారంటీ ఉన్న భాగానికి రిస్క్ వెయిట్ సున్నా. 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 10 కోట్లు. ఛోటానాగ్‌పూర్ చట్టం పరిధిలోని ఆదివాసీ వ్యాపారికి భూమి చట్టం మార్చకుండానే అప్పు ఇప్పించే దారి ఇదే. గ్యారంటీ ఉన్నా పక్కనుంచి ఇంటి కాగితాలు అడిగే అలవాటును మాత్రం ఆపాలి.

మీకెందుకు ఇదంతా?

ఎందుకంటే ఈ పరీక్ష దాటితే మీరు ఒక జిల్లాకు వెళ్తారు. జిల్లా స్థాయి సంప్రదింపుల కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. లీడ్ బ్యాంకు మేనేజర్ మీ ముందు ఒక స్లైడు పెట్టి, "సర్, ఇక్కడి యూనిట్లకు రిస్క్ ప్రొఫైల్ బాగాలేదు" అంటాడు. ఆ రోజు మీరు అడగాల్సిన ప్రశ్నలు మూడు: వీళ్ల సరుకు కొనేది ఎవరు? ఎన్ని రోజులకు డబ్బిస్తున్నాడు? ఆ ఆలస్యం మీ స్లైడులో ఏ గడిలో ఉంది?

ఆ మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే, ఆ స్లైడు సంస్థ లక్షణాలను చెప్పడం లేదు. సంస్థ మీద మిగతావాళ్లు మోపిన బరువును దాని ఒంటి బరువుగా చూపిస్తోంది. జవాబు పత్రంలో ఈ తేడా రాయడం నేర్చుకుంటేనే రేపు ఫైలు మీద రాయగలరు.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "రుణగ్రహీత సంస్థ లక్షణాలుగా బ్యాంకులు కొలిచేవాటిలో కొన్ని నిజానికి దాని కొనుగోలుదారు లక్షణాలు, దాని భూమి చట్టం లక్షణాలు." మూలధన నిబంధనల వెలుగులో చర్చించండి. మీ జిల్లాలోని ఒక పారిశ్రామిక వాడను ఉదాహరణగా తీసుకోండి.